కొండమీద కొలువైన అక్షరాలు

రాజ్యం పోయి ఏడు శతాబ్దాలు దాటింది. కోటలు పాడుబడ్డాయి. మఠాలు మొండిగోడలుగా మిగిలాయి. అయినా వేల్స్ ప్రజల మాట బతికింది. ఆ మాటను తరాల మీదుగా మోసుకొచ్చినవి తోలు పుటల మీద చేత్తో రాసిన పాత పుస్తకాలు. ఎన్నో చేతులు మారి, చెరసాలలూ అగ్నిప్రమాదాలూ దాటి, చివరికి ఓ సముద్రతీర పట్టణంలో కొండమీదికి చేరిన ఆ పుస్తకాల కథ ఇది.

బ్రిటన్ పటంలో పడమటి వైపు, సముద్రంలోకి చొచ్చుకొచ్చినట్టు కనిపించే చిన్న దేశం వేల్స్. మన ఉమ్మడి అనంతపురం జిల్లాకన్నా కాస్త పెద్దది. జనాభా 31 లక్షలు. కొండలు, గొర్రెల మందలు, మూతబడిన బొగ్గు గనులు, అడుగడుగునా పాత కోటలు. దాని పడమటి ఒడ్డున సరిగ్గా రైలుపట్టాలు ముగిసేచోట ఉంటుంది అబెరిస్ట్విత్. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే సముద్రం. అటు కాకుండా ఊరి వెనక ఎత్తు ఎక్కితే తెల్లని రాతి భవనం. అదే వేల్స్ జాతీయ గ్రంథాలయం. మెట్ల మీద నిలబడి వెనక్కి తిరిగితే ఊరి కప్పులూ, వాటి అవతల కార్డిగన్ అఖాతం నీలంగా పరచుకుని కనిపిస్తాయి.

ఇక్కడ 60 లక్షలకు పైగా అచ్చు పుస్తకాలున్నాయి. బ్రిటన్‌లో అచ్చయ్యే ఏ పుస్తకాన్నయినా అడిగి తెప్పించుకునే హక్కు 1911 నాటి చట్టంతో ఈ గ్రంథాలయానికి దక్కింది. కానీ దీనికి పేరు తెచ్చినవి అచ్చు పుస్తకాలు కావు. చేతిరాత ప్రతులు. వాటిలో మొదటి నంబరు వేసుకున్న పుస్తకాన్ని చూస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారు. 54 ఆకులు. అరచేతికన్నా కొంచెం పెద్దది. సుమారు 1250 నాటిది. పూర్తిగా వెల్ష్ భాషలో రాసి, నేటికీ మిగిలి ఉన్న పుస్తకాల్లో అతి పాతవాటిలో ఒకటి. పేరు ‘కర్మార్థెన్ నల్ల పుస్తకం’.

నలుపు... తెలుపు... ఎరుపు

వెల్ష్ పాత పుస్తకాలకు రంగుల పేర్లు పెట్టడం అలవాటు. అట్ట నల్లగా ఉంటే నల్ల పుస్తకం, తోలు ఎర్రగా ఉంటే ఎర్ర పుస్తకం. కర్మార్థెన్ పట్టణంలోని మఠంలో ఉండే ఒకే ఒక్క లేఖకుడు నల్ల పుస్తకం మొత్తం రాశాడని పండితుల అభిప్రాయం. కొన్ని పుటల్లో అక్షరాలు పెద్దపెద్దగా, తాపీగా ఉంటాయి. మరికొన్నిచోట్ల చిన్నవైపోయి కిక్కిరిసి ఉంటాయి. ఒక్క ఊపులో కాకుండా, వీలు చిక్కినప్పుడల్లా ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయాడన్నమాట. పేరు కూడా తెలియని ఆ మనిషి తనకు నచ్చిన పద్యాలన్నీ అందులోకి ఎక్కించాడు. దైవప్రార్థనలు, రాజుల స్తుతులు, వీరుల సమాధులు ఎక్కడున్నాయో చెప్పే పద్యాలు... అన్నీ ఉన్నాయి. ఆర్థర్ రాజు, మంత్రగాడు మెర్లిన్ పేర్లు ఇప్పుడు సినిమాల పుణ్యమా అని ప్రపంచమంతా తెలుసు. వెల్ష్ కవిత్వంలో వాళ్లు కనిపించే తొలి చోట్లలో ఈ పుస్తకం ఒకటి. మెర్లిన్ అసలు పేరు మర్దిన్. అతడు పిచ్చివాడై అడవుల్లో తిరుగుతూ ఆపిల్ చెట్టుతోనూ పంది పిల్లతోనూ మాట్లాడుకునే కవి!

2015లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇద్దరు ఈ పుస్తకాన్ని అతినీలలోహిత కాంతిలో పరిశీలించారు. ఖాళీగా కనిపించే అంచుల్లోంచి రెండు మనిషి ముఖాలు దయ్యాల్లా తొంగిచూశాయి! వాటికింద ఎవరో గీకి చెరిపేసిన పద్యపాదాలు. శతాబ్దాల పాటు చదివినవాళ్లు ఖాళీ జాగాల్లో తమ మాటలు రాసుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు. 16వ శతాబ్దం చివర్లో పుస్తకం చేతికొచ్చిన ఓ యజమాని ‘శుభ్రం చేద్దాం’ అనుకుని వాటన్నింటినీ గీకేశాడట. ఆయన శుభ్రానికి పోయినదాంట్లో కొంత నాలుగు వందల ఏళ్ల తరవాత దీపం వెలుగులో మళ్లీ బయటపడింది.

తెల్ల పుస్తకం 1350 ప్రాంతానిది. కార్డిగన్ ప్రాంతానికి చెందిన రుదెర్ఖ్ అనే సంపన్నుడు తన ఇంటి కోసం రాయించుకున్నాడు. ‘మాబినోగియన్’ పేరుతో ప్రసిద్ధమైన పదకొండు జానపద, వీరగాథల్లో చాలావాటికి ఇది ముఖ్యమైన ఆధారం. పూలతో తయారైన అమ్మాయి, చచ్చిన సైనికుల్ని బతికించే జ్యోతిపాత్రలాంటి కొప్పెర, సముద్రంలో నడిచి వెళ్లే మహాకాయుడు... మన కాశీమజిలీ కథలతో పెరిగినవాళ్లకి ఈ లోకం కొత్తగా అనిపించదు.

ఇక ఎర్ర పుస్తకం. 1382 తరవాత, స్వాన్సీ దగ్గర ఉండే హాప్‌కిన్ అనే పెద్దమనిషి కోసం రాశారు. కథలు, కవిత్వం, చరిత్ర, వైద్యం... అప్పటికి వెల్ష్ భాషలో ఉన్నదాంట్లో చాలాభాగం ఒకే పుస్తకంలోకి చేర్చాలన్న తపన అందులో కనిపిస్తుంది. మూలికావైద్యానికి పేరుపొందిన ‘మథ్‌వై వైద్యుల’ చిట్కాలు కూడా అందులో ఉన్నాయి. 1701లో ఆక్స్‌ఫర్డ్‌లోని జీసస్ కాలేజీకి కానుకగా వెళ్లింది. నేటికీ ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ తన కథలోని ఎర్ర పుస్తకానికి పేరు ఇక్కణ్నుంచే తీసుకున్నాడంటారు.

వీటికి తోడు టాలియెసిన్ పుస్తకం, అనెయిరిన్ పుస్తకం. 600 ప్రాంతంలో కాట్రైత్ అనే చోట యుద్ధానికి వెళ్లి నేలకొరిగిన వీరుల మీద రాసిన పద్యాలు అనెయిరిన్ పుస్తకంలో ఉన్నాయి. ఆ యుద్ధం జరిగిందని భావించే చోటు ఇప్పటి ఉత్తర ఇంగ్లండ్‌లో ఉంది. అంటే, ఒకప్పుడు ఈ భాష వేల్స్ కొండలకే పరిమితం కాదు, బ్రిటన్‌లో చాలాచోట్ల వినిపించేది. ఆ సంగతికి సాక్ష్యం ఈ పుటలు.

తొమ్మిది తరాలు చెప్పాల్సిందే!

వెల్ష్ చేతిరాత ప్రతుల్లో కథలూ కవిత్వాలతో పోటీపడేవి వంశావళులు. ఫలానావాడి కొడుకు ఫలానా, వాడి కొడుకు ఫలానా... అంటూ పుటల కొద్దీ సాగుతాయి. పైకి చూస్తే విసుగే. కానీ ఒకనాటి వేల్స్‌లో మనిషి బతుకంతా ఆ జాబితా మీదే ఆధారపడి ఉండేది.

పదో శతాబ్దంలో హవెల్ ధా అనే రాజుండేవాడు. ‘ధా’ అంటే మంచివాడు. ఆయన పేరుతో ఉన్న న్యాయశాస్త్రం ప్రకారం ఎవరైనా హత్య చేస్తే చనిపోయినవాడి కుటుంబానికి పరిహారం చెల్లించాలి. అది ఒక్క హంతకుడి బాధ్యత కాదు. అతడి దూరపు బంధువుల దాకా అందరూ వాటాలు వేసుకుని కట్టాలి. భూమి హక్కు కూడా అంతే, వంశాన్నిబట్టే. కాబట్టి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకపోతే రోజు గడవదు. మన భట్రాజుల్లాగే అక్కడా కవులే ఈ లెక్కలు గుర్తుపెట్టుకునేవారు. ప్రభువును పొగడాలన్నా తాతముత్తాతల పేర్లు తెలియాలి కదా! ‘తన తొమ్మిది తరాలు చెప్పలేనివాడు పెద్దమనిషే కాదు’ అన్నంత పట్టింపు ఉండేది వాళ్లలో.

ఆ అలవాటు పేర్లలో నేటికీ కనిపిస్తుంది. వెల్ష్‌లో ‘అప్’ అంటే కొడుకు. అప్ రీస్ కాలక్రమంలో ప్రైస్ అయింది. అప్ హవెల్ పావెల్‌గా మారింది. అప్ హ్యూ ప్యూ, అప్ రిచర్డ్ ప్రిచర్డ్, అబ్ ఓవెన్ బోవెన్, అబ్ ఎవాన్ బెవాన్. ఇంగ్లిషు పేర్లనుకునే వీటన్నింటిలోనూ ఓ వెల్ష్ తండ్రి దాక్కుని ఉన్నాడు!

ఆ న్యాయశాస్త్ర ప్రతుల్లో సరదా సంగతులకూ కొదవలేదు. పిల్లి ధర ఎంతో అందులో రాశారు. కళ్లు తెరవని పిల్లకి ఒక పెన్నీ. కళ్లు తెరిచి, ఎలుకని పట్టేదాకా రెండు పెన్నీలు. పట్టడం మొదలుపెడితే నాలుగు! 13వ శతాబ్దం నాటి ఓ ప్రతిలో సింహాసనం మీద రాజు, డేగను చేతిమీద నిలుపుకున్న ఉద్యోగి... ఇలా ఆస్థానమంతా బొమ్మల్లో కనిపిస్తుంది.

ఈ న్యాయగ్రంథాల్లో ఒకటి అమెరికా కూడా వెళ్లొచ్చింది. 14వ శతాబ్దంలో నైరుతి వేల్స్‌లో రాసిన చిన్న పుస్తకమది. న్యాయం చెప్పేవాడు వెంట తీసుకెళ్లి చూసుకునేందుకు రాసుకున్న వాడుక ప్రతి. ఎప్పుడో సముద్రం దాటి బోస్టన్ చేరింది. 2012లో లండన్‌లో వేలానికొస్తే జాతీయ గ్రంథాలయం 5,41,250 పౌండ్లకు కొని ఇంటికి తెచ్చుకుంది.

చెరసాలే రాతగది

1530ల్లో ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నింటినీ మూయించాడు. అక్కడి పుస్తకాలు దిక్కులేనివయ్యాయి. అదే దశకంలో వేల్స్‌ను ఇంగ్లండ్‌లో పూర్తిగా కలిపేస్తూ చట్టం వచ్చింది. ఇంగ్లిషు రానివాడికి ప్రభుత్వ కొలువు లేదన్నారు. దాంతో పెద్ద కుటుంబాలు మెల్లగా ఇంగ్లిషు వైపు మళ్లాయి. తాతలు అబ్బురంగా రాయించుకున్న పుస్తకాలు మనవలకి అర్థంకాని తోలు కట్టలయ్యాయి.

ఆ సమయంలో కొందరు పిచ్చివాళ్లు పుట్టుకొచ్చారు. అవును, పుస్తకాల పిచ్చివాళ్లు. మఠాల ఆస్తుల లెక్క చూసే ఉద్యోగంలో ఉన్న జాన్ ప్రైస్ ఆ నెపంతో పాత పుస్తకాల్ని వెతికి పట్టుకున్నాడు. నల్ల పుస్తకం ఆయన చేతి మీదుగానే బయటపడింది. 1546లో వెల్ష్ భాషలో మొట్టమొదటి అచ్చు పుస్తకం వేసిందీ ఆయనే.

తరవాతి తరంలో జాన్ జోన్స్. ఆస్తి తగాదాలు, అప్పులు ఆయన్ని ఒకటికి నాలుగుసార్లు జైలుపాలు చేశాయి. లండన్‌లో అప్పులవాళ్లను పెట్టే ఫ్లీట్ జైల్లో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఆ గదిలో కూర్చుని చేసిన పని... పాత వెల్ష్ ప్రతులకు నకళ్లు రాయడం! ముత్యాల్లాంటి అక్షరాలు, తీగలల్లిన మొదటి అక్షరాలు. బయటికొస్తాడన్న ఆశలేని మనిషి రాసిన రాతల్లా ఉండవవి. కొన్ని పాత గ్రంథాల మూలాలు పోయి ఆయన రాసిన నకళ్లే మిగిలాయి.

ఆయన మిత్రుడు రాబర్ట్ వాన్. డోల్‌గెత్లై దగ్గర హెంగుర్ట్ అనే ఇంట్లో ఉండేవాడు. సుమారు 1592లో పుట్టి 1667లో కన్నుమూసిన ఈయన జీవితమంతా చేసిందొకటే. పాత పుస్తకం ఎక్కడుందని తెలిసినా వెళ్లి అడగడం, కొనడం, ఇవ్వకపోతే బతిమాలి తెచ్చి నకలు రాసుకోవడం. ఇద్దరిలో ఎవరు ముందు పోతే వాళ్ల పుస్తకాలు రెండోవారికి చెందాలని మిత్రులు మాట అనుకున్నారంటారు. 1650ల చివర్లో జాన్ జోన్స్ పోయాడు. ఆయన పుస్తకాలు హెంగుర్ట్ చేరాయి. నల్ల పుస్తకం, తెల్ల పుస్తకం, టాలియెసిన్ పుస్తకం... అన్నీ ఒకే కప్పు కిందికొచ్చాయి. ఇంగ్లిషు ఆదికవి చాసర్ ‘కాంటర్‌బరీ కథల’ అతి పాత ప్రతుల్లో ఒకటి కూడా అక్కడే ఉండేది. సొంత డబ్బు ఖర్చుపెట్టి, అప్పులు చేసి తెలుగు తాళపత్రాల్ని పోగుచేసిన సి.పి.బ్రౌన్‌ని తలుచుకుంటే, వాన్ పడిన పాట్లు మనకి తేలిగ్గా అర్థమవుతాయి.

పోగైంది కొంత... కాలిపోయింది కొంత

వాన్ వారసులకి ఆయన పిచ్చి అంటలేదు. హెంగుర్ట్ పుస్తకాలు రెండొందల ఏళ్లు ఆ ఇంట్లోనే మగ్గాయి. కొన్ని మాయమయ్యాయి కూడా. 1859లో ఆ వంశంలో చివరి బారనెట్ చనిపోతూ వాటిని తన స్నేహితుడు, పెన్యార్థ్ అనే ఎస్టేట్ యజమాని అయిన విన్‌కి రాసిచ్చాడు. చరిత్ర తెలిసిన ఆయన వాటిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. అందుకే ఇప్పటికీ అవి ‘పెన్యార్థ్ ప్రతులు’గానే ప్రసిద్ధం.

అన్ని పుస్తకాలకీ ఆ అదృష్టం దక్కలేదు. 1807లో హవోడ్ అనే సొగసైన భవనం తగలబడింది. అందులోని గ్రంథాలయం బూడిదైంది. 1858లో విన్‌స్టే భవనంలో నిప్పంటుకుంది. అక్కడ దాచిన వెల్ష్ ప్రతులెన్నో పోయాయి. మరోవైపు, పోయాయనుకున్నవి దొరికిన సందర్భాలూ ఉన్నాయి. రాజాస్థాన కవుల పద్యాల సంకలనం ఒకటి ఎన్నో ఏళ్లు ఎవరికంటా పడలేదు. 1910లో హెండ్రెగాద్రెద్ అనే పాత ఇంట్లో, వాడకుండా పడేసిన బట్టల బీరువాలో కనిపించింది!

18వ శతాబ్దంలో ఇవాన్ ఎవాన్స్ అనే పేద మతగురువు పాత కవిత్వం కోసం ఇంటింటికీ తిరిగాడు. ఏ చర్చిలోనూ స్థిరమైన ఉద్యోగం లేదు. తాగుడు అలవాటు. చివరికి రోజులు గడవక, ఏడాదికి 20 పౌండ్ల భత్యం కోసం జీవితమంతా పోగుచేసిన ప్రతుల్ని ఓ సంపన్నుడికి రాసిచ్చాడు. అవి కూడా ఇప్పుడు అబెరిస్ట్విత్‌లోనే ఉన్నాయి.

ఓ దారి కలకత్తా దాకా

ఈ పుస్తకాల కథలో మన దేశానికి దారితీసే మలుపు ఒకటుంది. ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు 1697 నుంచి నాలుగేళ్లు వేల్స్, ఐర్లండ్, స్కాట్లండ్, కార్న్‌వాల్, బ్రిటనీలలో తిరిగాడు. ఆ భాషలన్నీ ఒకే కుటుంబమని 1707లో పుస్తకం వేసి చూపించాడు. (తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవనీ, సంస్కృతం నుంచి పుట్టలేదనీ 1816లో మద్రాసులో ఎల్లిస్ నిరూపించడానికి వందేళ్లకు పైగా ముందు మాట ఇది.) లూయిడ్ దగ్గర పనిచేసిన మోజెస్ విలియమ్స్ కూడా గొప్ప పుస్తక సేకర్త. 1742లో ఆయన చనిపోయాక భార్య ఆ పుస్తకాల్ని అమ్మేసింది. కొన్నది విలియం జోన్స్ అనే గణితవేత్త. ఆంగిల్సీ దీవిలో పుట్టిన వెల్ష్‌వాడు. వృత్తం చుట్టుకొలతకీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి 1706లో ‘పై’ గుర్తును మొదటిసారి వాడింది ఆయనే. బళ్లో లెక్కలు చేసే మన పిల్లలంతా ఆయనకి రుణపడ్డవాళ్లే!

ఆయన పోయేనాటికి కొడుకు వయసు మూడేళ్లు. తండ్రి పేరే పెట్టుకున్న ఆ పిల్లవాడే తరవాత కలకత్తా న్యాయమూర్తిగా వచ్చి, 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, శాకుంతలాన్ని ఇంగ్లిషులోకి తెచ్చిన సర్ విలియం జోన్స్. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ఆయన 1786లో చెప్పిన మాట భాషాశాస్త్రాన్నే మలుపు తిప్పింది. కెల్టిక్, అంటే తన తండ్రి భాష ఉన్న కుటుంబాన్ని కూడా ఆ చుట్టరికంలో చేర్చాడాయన. ఇంతా చేసి, ఆయనకి వెల్ష్ రాదు! ‘ఈయనకి ప్రపంచంలో అన్ని భాషలూ వచ్చు, సొంత భాష తప్ప’ అని ఫ్రాన్స్ రాజుకి ఎవరో ఆయన్ని పరిచయం చేశారని ఓ కథ ప్రచారంలో ఉంది.

తండ్రి మాత్రం ఆ వెల్ష్ పుస్తకాల్ని తన పోషకుడైన మాక్లెస్‌ఫీల్డ్ ప్రభువుకి వదిలివెళ్లాడు. ఇంగ్లండ్‌లోని ఓ కోటలో అవి 150 ఏళ్లు ఉండిపోయాయి.

తాపీపనివాడి దొంగ రాతలు

పాత పుస్తకాలకి గిరాకీ పెరిగితే నకిలీలు రాకుండా ఉంటాయా! ఆ పని చేసినవాడు మామూలువాడు కాదు. ఎడ్వర్డ్ విలియమ్స్, కలంపేరు యోలో మోర్గానుగ్. 1747లో దక్షిణ వేల్స్‌లో పుట్టాడు. వృత్తి తాపీపని. సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. ఉబ్బసానికి వాడిన నల్లమందు ద్రావకం చివరికి వ్యసనమైంది. దేశమంతా కాలినడకన తిరిగి వందల ప్రతుల్ని చదివాడు, నకలు చేశాడు. ఆయనంత చదివినవాడు ఆనాడు లేడు. అందుకే ఆయన రాసిన దొంగ రాతల్ని పట్టుకోగలిగినవాడూ లేకపోయాడు!

1789లో 14వ శతాబ్దపు మహాకవి దావిద్ అప్ గ్విలిమ్ పద్యాల్ని లండన్‌లో అచ్చువేశారు. ఇంకా కొన్ని దొరికాయంటూ యోలో పంపినవి అనుబంధంగా చేర్చారు. అవి చదివి జనం మురిసిపోయారు. కవి పద్యాలన్నింటిలోకీ ఇవే మిన్న అన్నవాళ్లూ ఉన్నారు. అవి యోలో సొంత కవిత్వం. అంతటితో ఆగలేదు. సూక్తులు, చరిత్రలు, ప్రాచీన పూజారుల ఆచారాలు, చివరికి ఓ లిపి కూడా సృష్టించాడు. 1801-1807 మధ్య వచ్చిన పెద్ద సంకలనంలోకి అసలుతోపాటు ఇవీ ఎక్కాయి.

గుట్టు బయటపడటానికి వందేళ్లు పట్టింది. యోలో చనిపోయింది 1826లో. సరిగ్గా 1926లో గ్రిఫిత్ జాన్ విలియమ్స్ అనే పండితుడు రాతప్రతుల్ని పక్కపక్కన పెట్టి, పదం పదం పోల్చి, అనుబంధంలోని పద్యాలు యోలో చేతివాటమని తేల్చాడు. అసలు ప్రతులు మిగిలి ఉండబట్టే అది సాధ్యమైంది. అవే లేకపోతే ఏది తాతలమాటో, ఏది తాపీపనివాడి కల్పనో ఎప్పటికీ తేలేది కాదు.

విచిత్రమేమంటే, 1792లో లండన్‌లోని ఓ గుట్టమీద రాళ్లు గుండ్రంగా పేర్చి యోలో మొదలుపెట్టిన కవుల సభ ‘గోర్సెద్’ నేటికీ నడుస్తోంది. ఏటా ఆగస్టులో జరిగే జాతీయ సాంస్కృతికోత్సవం ఐస్టెడ్‌వోడ్‌లో విజేతలైన కవుల్ని పొడవాటి అంగీలు తొడుక్కున్న ఆ సభ సభ్యులే సత్కరిస్తారు. ప్రాచీనం కాదని అందరికీ తెలుసు. అయినా రెండు శతాబ్దాల్లో అదీ ఒక సంప్రదాయమైంది.

డాక్టరుగారి షరతు

చెల్లాచెదురైన ఈ సంపదనంతా ఒకచోట చేర్చిన ఘనత ఇద్దరిది. మొదటివాడు గ్వెనోగ్‌వ్రిన్ ఎవాన్స్. చారిత్రక రాతప్రతుల కమిషన్ తరఫున 1890ల్లో ఊరూరా తిరిగి, జమీందారుల ఇళ్లలో ఉన్న వెల్ష్ ప్రతులన్నింటికీ జాబితాలు తయారుచేశాడు. 1898-1910 మధ్య అవి అచ్చయ్యాయి. ఏ ఇంట్లో ఏముందో లోకానికి మొదటిసారి తెలిసింది.

రెండోవాడు సర్ జాన్ విలియమ్స్. విక్టోరియా రాణి కుటుంబానికి ప్రసూతి వైద్యుడు. సంపాదించిందంతా పుస్తకాల మీద పెట్టాడు. 1899లో మాక్లెస్‌ఫీల్డ్ కోటలోని గణితవేత్త పుస్తకాల్ని కొన్నాడు. ఆ తరవాత పెన్యార్థ్ ప్రతుల మీద హక్కు సంపాదించాడు. విన్ వారసులు బతికున్నంతకాలం వాళ్ల దగ్గరే, తరవాత ఈయనకి అని ఒప్పందం. 1909లో అవీ చేతికొచ్చాయి.

అప్పుడే వేల్స్‌కి ఒక జాతీయ గ్రంథాలయం ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఎక్కడ? ధనవంతుల నగరం కార్డిఫ్ నాకంటే నాకంది. డాక్టరుగారు ఒకటే షరతు పెట్టారు. ‘అబెరిస్ట్విత్‌లో పెడితేనే నా పుస్తకాలిస్తాను’. కార్డిఫ్‌కి మ్యూజియం, అబెరిస్ట్విత్‌కి గ్రంథాలయం అంటూ 1907లో రాజశాసనం వచ్చింది. 1911లో అయిదో జార్జి చక్రవర్తి పునాదిరాయి వేశాడు. గొప్ప నగరాన్ని ఓ చిన్న ఊరు గెలిచింది.

రెండో ప్రపంచయుద్ధంలో ఆ ఊరికి మరో గౌరవం దక్కింది. లండన్ మీద బాంబులు పడతాయన్న భయంతో గ్రంథాలయం కింద కొండను తొలిచి సొరంగం కట్టారు. మాగ్నా కార్టా, లియొనార్డో డావిన్సీ చిత్రాలు లాంటి అమూల్య సంపదకు యుద్ధకాలంలో ఆశ్రయమిచ్చింది ఈ కొండే. 2010లో పెన్యార్థ్ ప్రతులు యునెస్కో ‘ప్రపంచ జ్ఞాపకాల’ బ్రిటన్ జాబితాలో చోటు దక్కించుకున్నాయి. 2013 ఏప్రిల్‌లో గ్రంథాలయం పైకప్పుకి నిప్పంటుకున్నప్పుడు ఊరంతా ఊపిరి బిగబట్టింది. రాతప్రతులకు ముప్పు కలగలేదు.

పుస్తకం మిగిలితే చాలదు

ఇన్ని కాపాడి ఏం లాభం, చదివేవాళ్లుండాలి కదా! వేల్స్ ముందున్న అసలు ప్రశ్న ఇదే. 19వ శతాబ్దంలో అక్కడి బళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. మరొకడు నోరుజారితే అది వాడి మెడలోకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకి దెబ్బలు. 2009లో కడప జిల్లాలో ఓ పాఠశాల, తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేసిన ఉదంతం తెలిసినవాళ్లకి ఆ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

1911లో నూటికి 43 మందికి పైగా వెల్ష్ మాట్లాడేవారు. 2021 జనాభా లెక్కల్లో ఆ సంఖ్య 17.8 శాతం. అంటే సుమారు 5 లక్షల 38 వేల మంది. 2050 నాటికి పది లక్షలు చేయాలన్నది అక్కడి ప్రభుత్వ లక్ష్యం. దానికోసం వెల్ష్ మాధ్యమం బడులున్నాయి. 1982 నుంచి వెల్ష్ టీవీ ఛానెల్ ఉంది. 2011 చట్టం భాషకి అధికార హోదా ఇచ్చింది. ఊళ్లో ఏ బోర్డు చూసినా రెండు భాషలు.

ఈ పనిలో పాత ప్రతుల పాత్ర ఉందంటే నమ్మాలి. 1921లో ఈ గ్రంథాలయంలోనే వెల్ష్ మహానిఘంటువు పని మొదలైంది. రాతప్రతులూ అచ్చు పుస్తకాలూ తిరగేసి, ఒక్కో మాటా చీటీల మీద రాసుకుంటూ పోయారు. మొదటి సంచిక వచ్చింది 1950లో. పూర్తయింది 2002లో! కొత్త వస్తువుకి కొత్త మాట కావాలంటే పాత మాటల ఆ గాదె ఉంది. కంప్యూటర్‌ని వెల్ష్‌లో ‘కవ్రివియాదిర్’ అంటారు. ‘లెక్కించడం’ అనే పాతమాటకి కొత్త తోక. పదమే లేదని ఇంగ్లిషును అరువు తెచ్చుకోలేదు.

2022లో ఈ గ్రంథాలయంలోనే పనిచేసి రిటైరైన డేనియల్ హ్యూస్, వెల్ష్ రాతప్రతుల, లేఖకుల సమగ్ర వివరాల్ని మూడు సంపుటాలుగా వెలువరించారు. ఎవరి రాత ఏ పుస్తకంలో ఉంది, ఏ పుస్తకం ఏ ఇంటినుంచి ఏ ఇంటికెళ్లింది... దశాబ్దాల శ్రమ. నల్ల పుస్తకం సహా ఎన్నో ప్రతుల్ని ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. 1919 వరకూ వచ్చిన వెల్ష్ పత్రికల్లో 11 లక్షలకు పైగా పుటలు కూడా అలాగే అందుబాటులో ఉన్నాయి. ఒకప్పుడు దొరల ఇంటి తలుపు తట్టి బతిమాలుకుంటేగానీ కంటపడని పుస్తకాన్ని ఇప్పుడు అనకాపల్లిలో కూర్చున్న విద్యార్థి కూడా పుట పుటా తిప్పి చూడొచ్చు. అప్పులజైల్లో కొవ్వొత్తి వెలుగులో నకళ్లు రాసిన జాన్ జోన్స్ ఆశించింది అంతకన్నా ఏముంటుంది!

వెళ్లాలనుకుంటే...

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి బర్మింగ్‌హామ్‌లో రైలు మారి అబెరిస్ట్విత్ చేరడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. చివరి రెండు గంటలూ కొండలు, నదీముఖాలు. మే నుంచి సెప్టెంబరు దాకా వాతావరణం బాగుంటుంది. గాలి మాత్రం ఎప్పుడూ విసురే. గ్రంథాలయం చూడటానికి టిక్కెట్టు లేదు. చదువుకోవాలంటే గుర్తింపు పత్రం చూపి కార్డు తీసుకోవాలి. అరుదైన ప్రతులన్నీ ఎప్పుడూ ప్రదర్శనలో ఉండవు కాబట్టి ముందే కనుక్కోవడం మేలు. 1896 నుంచి నడుస్తున్న కొండరైలు, లాన్‌బాదర్న్ పాత చర్చి, కాస్త దూరంలో 1164లో స్థాపించిన స్ట్రాటా ఫ్లోరిడా మఠం శిథిలాలు కూడా చూడదగ్గవి. తెల్ల పుస్తకం ఆ మఠంలోనే రూపుదిద్దుకుని ఉండొచ్చని పండితుల ఊహ.